క్వార్టర్ ఖాళీ చేసేటప్పుడు సిపాయి పెట్టే సంతకం గురించి

రక్షణ మంత్రిత్వ శాఖలో సైనికుల వసతికీ, దాని మరమ్మతులకీ డబ్బు కేటాయించే పెద్దలకు,
ఆ పనులు నడిపించే ఇంజనీరు అధికారులకు,

జై హింద్. నమస్కారం.

నేను 1987లో సైన్యంలో చేరి 2015లో నాయబ్ సుబేదారుగా రిటైరయ్యాను. స్టోర్ కీపర్ ట్రేడు. ఆఖరి ఏడేళ్ళూ క్వార్టర్ మాస్టర్ దగ్గర పనిచేశాను, అంటే రేషను, దుప్పట్లు, మంచాలు, బ్యారక్‌ల బాగోగులు నా చేతి మీదుగానే నడిచేవి. మాది పశ్చిమ గోదావరి జిల్లా, తాడేపల్లిగూడెం దగ్గర. మా పక్కనే ఉన్న మాధవరాన్ని అందరూ మిలిటరీ మాధవరం అంటారు. తరతరాలుగా కొడుకుల్ని సైన్యానికి పంపిన ఊరది. ప్రస్తుతం సికింద్రాబాద్ దగ్గర యాప్రాల్‌లో ఉంటున్నాను. నా కోసం అడగవలసింది నాకేమీ మిగల్లేదు, పెన్షన్ వస్తోంది, సొంత ఇల్లుంది. ఇప్పుడు బ్యారక్‌లలో పడుకుంటున్న పిల్లల కోసం రాస్తున్నాను.

ముందుగా ఒక కాగితం గురించి చెప్పాలి. అది మీకు తెలిసిందే. సామాన్య పాఠకులకు తెలియకపోవచ్చు కాబట్టి వివరంగా రాస్తాను.

జవానుకి ఫ్యామిలీ క్వార్టర్ ఇచ్చే రోజున ఒక జాబితా చేతిలో పెడతారు. ఫ్యాన్లు ఎన్ని, ట్యూబులైట్లు ఎన్ని, కుళాయిలు ఎన్ని, కిటికీ అద్దాల్లో ఎన్ని బాగున్నాయి, ఎన్ని పగిలాయి, అన్నీ అందులో ఉంటాయి. సరిచూసుకుని సంతకం పెట్టాలి. దాన్ని మార్చింగ్ ఇన్ అంటారు. బదిలీ వచ్చి ఇల్లు వదిలే రోజున అదే జాబితా పట్టుకుని మనిషి వస్తాడు. గదులన్నీ తిరిగి లెక్క చూస్తాడు. తగ్గినదానికీ విరిగినదానికీ ధర కట్టి, బ్యారక్ డ్యామేజీ అని రాసి, జవాను దగ్గర వసూలు చేస్తారు. దాని కిందా సంతకం పెట్టాలి. అది మార్చింగ్ అవుట్. ప్రభుత్వ సొమ్ము కాబట్టి ఆ లెక్క ఉండాల్సిందే, నేను దాన్ని తప్పు పట్టను. ఏడేళ్ళు నేనే అలాంటి లెక్కలు రాశాను.

అయితే 1998 ప్రాంతంలో నేనూ ఒక క్వార్టర్ ఖాళీ చేశాను. సైన్యం మకాం ఉండే చోటుని స్టేషన్ అంటాం, దాని పేరు రాయను. ఆ ఇంట్లో రెండు వానాకాలాలు ఉన్నాం. పిల్లలు పడుకునే గది కప్పు కారేది. నా భార్య మంచం ఇటు లాగి, బకెట్ అటు పెట్టేది. చుక్క పడే చప్పుడుకి పాప లేచి ఏడుస్తుందని బకెట్ అడుగున పాత తువాలు మడిచి వేసేది. కంప్లైంట్ పుస్తకంలో నాలుగుసార్లు రాశాను. ఒకసారి మనిషి వచ్చి, పైకెక్కి, సిమెంటు పూసి వెళ్ళాడు. రెండో వానకి అది లేచిపోయింది. గోడకు చెమ్మ పట్టి, నల్లగా బూజు కమ్మి, పాపకి ఆ ఏడాదంతా దగ్గు. ఖాళీ చేసిన రోజున వంటింట్లో ఒక కుళాయి తల విరిగి ఉంది, ఒక కిటికీ అద్దం పగిలి ఉంది. ధర కట్టారు, నేను కట్టేశాను. సంతకం పెట్టే ముందు ఆ కాగితం కింద నుంచి పైదాకా వెతికాను. రెండేళ్ళు కప్పు కారిందని రాయడానికి అందులో ఒక్క గడి కూడా లేదు.

ఆ గడి పెట్టించమని అడగడానికే ఈ ఉత్తరం. మిగతాదంతా దానికి కారణాలు.

క్వార్టర్ దొరికినవాడి సంగతి కొంత నయం. ఇంట్లో ఇల్లాలు ఉంటుంది, అడుగుతుంది, ఆఫీసు గుమ్మం దాకా వెళ్తుంది. బ్యారక్‌లో ఉండే కుర్రాడి తరఫున అడిగేవాళ్ళే లేరు. బ్యారక్ అంటే పొడవాటి హాలు. రెండు గోడల వెంట వరసగా మంచాలు. ప్రతి మంచం కింద నల్ల ట్రంకు పెట్టె, దాని మీద తెల్ల పెయింటుతో పేరూ నంబరూ. మంచం కోళ్ళకు కట్టిన దోమతెర కర్రలు. తల దగ్గర గోడకు మేకు, దానికి రేపు వేసుకోవాల్సిన యూనిఫాం. హాలు చివర స్నానాల గదులు, మరుగుదొడ్లు. పొద్దున్నే పీటీకి ముందు ఒక అరగంటలో నలభై మందీ ఒకేసారి నీళ్ళ దగ్గరికి వస్తారు. ఆ అరగంట ట్యాంకు ఖాళీగా ఉంటే, రోజంతా ఇరవైనాలుగు గంటలూ నీళ్ళిచ్చామని కాగితం మీద రాసుకున్నా ఏం లాభం లేదు. రాత్రంతా గార్డు నిలబడి దిగినవాడు పగటి పూట పడుకోవాలి. ఫ్యాను తిరగకపోతే పడుకోలేడు. అదే కళ్ళతో మళ్ళీ రాత్రి రైఫిల్ పట్టుకుని నిలబడతాడు. నేను క్వార్టర్ మాస్టర్ దగ్గర ఉన్న రోజుల్లో, కంపెనీలో డ్యూటీలు వేసే హవల్దార్ మేజర్ నా దగ్గరకి వచ్చి, "సాబ్, మీరు ఫ్యాను ఇస్తారా, లేకపోతే నేను డ్యూటీ లిస్టు మార్చుకోనా" అని అడిగేవాడు. అతను అడిగింది పోస్టు మీద నిలబడేవాడి కంటిచూపు గురించి.

బయటివాళ్ళు బ్యారక్‌ని హాస్టల్ లాంటిదనుకుంటారు. హాస్టల్ కుర్రాడికి నచ్చకపోతే వేరే గది చూసుకుంటాడు. జవాను ఎక్కడ పడుకోవాలో ఆర్డరు చెబుతుంది. ఎక్కడికీ పోలేని మనిషిని ఒక కప్పు కింద పెట్టినప్పుడు ఆ కప్పు బాధ్యత మామూలు ఇంటి యజమాని బాధ్యత కంటే పెద్దదని నేను నమ్ముతాను.

పడుకునే చోటు బాగోలేకపోతే సిపాయి ప్రాణాలే పోతాయని మన దేశంలో చాలా ముందే లెక్కలతో రుజువు చేశారు. 1859లో బ్రిటిష్ ప్రభుత్వం ఇండియాలోని సైన్యం ఆరోగ్యం మీద ఒక రాయల్ కమిషన్ వేసింది. దాని వెనక ఉండి పని నడిపించిన మనిషి ఫ్లోరెన్స్ నైటింగేల్. ఆమె ఎన్నడూ ఇండియాకి రాలేదు. స్టేషన్ స్టేషన్‌కీ ప్రశ్నల కాగితాలు పంపించింది. తాగే నీళ్ళు ఎక్కడివి, మురుగు ఎటు పోతుంది, బ్యారక్‌లో ఒక్కో మనిషికి ఎంత చోటు ఉంది, గాలి ఎటునుంచి వస్తుంది, ఇలాంటివి. 1863లో నివేదిక వచ్చింది. ఇక్కడున్న బ్రిటిష్ సిపాయిల్లో ప్రతి 1,000 మందికీ ఏటా 69 మంది చనిపోతున్నారని తేలింది. యుద్ధంలో పోయినవాళ్ళు కొద్దిమందే. జ్వరం, కలరా, రక్త విరేచనాలు తీసుకుపోయినవాళ్ళే ఎక్కువ. తర్వాత నీళ్ళు, మురుగు, బ్యారక్‌ల కట్టుబడి మీద దృష్టి పెట్టారు. పదేళ్ళు తిరిగేసరికి ఆ 69 కాస్తా 18కి దిగిందని నైటింగేలే రాసింది. మన పాత కంటోన్మెంట్లలో ఇప్పటికీ కనిపించే ఎత్తు పునాదులు, వెడల్పు వరండాలు, కప్పు దగ్గర గాలి కన్నాలు, అలాంటి ఆలోచనల్లోంచి వచ్చినవే.

మా సికింద్రాబాదుకి ఇందులో ఇంకా దగ్గరి సంబంధం ఉంది. 1806లో నిజాం సికందర్ జా పేరు మీద వెలిసిన కంటోన్మెంటు ఇది. ఇక్కడే బేగంపేటలో 1897 ఆగస్టు 20న మిలిటరీ డాక్టరు రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశాడు. 1902లో ఆయనకి నోబెల్ వచ్చింది. ఆ కట్టడం ఇప్పటికీ ఉంది, వీలైతే ఒకసారి వెళ్ళి చూడండి. నేను రెండుసార్లు వెళ్ళాను. రెండోసారి వెళ్ళినప్పుడు నాకు మా బ్యారక్ వెనక కాలువ గుర్తొచ్చింది. సైన్యంలో చీకటి పడితే ఫుల్ చేతులు దించుకోవాలి, దోమతెర కట్టుకునే పడుకోవాలి. కట్టుకున్నాడో లేదో రాత్రి టార్చి వేసి చూస్తారు. కట్టుకోనివాడికి శిక్ష ఉంటుంది. నేను కూడా టార్చి వేసి చూసినవాణ్ణే. అదే రాత్రి హాలు వెనక మూత విరిగిన కాలువలో నీళ్ళు నిలిచి ఉండేవి. ఆ మూత కోసం కాగితం పెట్టి అప్పటికి ఎనిమిది నెలలు. దోమతెర కట్టని కుర్రాణ్ణి పట్టుకోవడానికి నా చేతిలో టార్చి ఉంది, అధికారం ఉంది. కాలువ మూత విషయంలో నా చేతిలో ఒక రిజిస్టరు నంబరు తప్ప ఏమీ లేదు.

ఆ రిజిస్టరు గురించి చెప్పాలి. నేను ఉన్న ఒక స్టేషన్లో కంప్లైంట్ రాస్తే నంబరు ఇచ్చేవారు. కొన్ని రోజుల తర్వాత ఆ వరసలో "అటెండెడ్" అని పడేది. అంటే చూశామని. పని అయిందా లేదా అనేది వేరే సంగతి. మనిషి వచ్చి చూసి, వాషర్ లేదని వెళ్ళిపోయినా అటెండెడే. కాంట్రాక్టర్ మనిషికి తాళం వేసి ఉన్న గది ఎదురై వెనక్కి వెళ్ళినా అటెండెడే. నెలాఖరుకి పైకి వెళ్ళే లెక్కలో ఇన్ని కంప్లైంట్లు వచ్చాయి, ఇన్ని పూర్తయ్యాయి అని రెండు అంకెలు దాదాపు సమానంగా ఉండేవి. పైన కూర్చున్న అధికారికి ఆ రెండు అంకెలు చూస్తే స్టేషన్ బాగుందనే అనిపిస్తుంది. ఆయన్నీ అనలేను. ఎందుకంటే ఆయనకి చేరే కాగితం మీద కప్పు కింద పడుకునేవాడి సంతకం ఎక్కడా ఉండదు.

జవాను ఎందుకు నోరు విప్పడు అని మీరు అడగొచ్చు. సైనిక్ సమ్మేళన్ ఉంటుంది కదా, కమాండింగ్ ఆఫీసరు ఎదురుగా అందర్నీ కూర్చోబెట్టి "ఎవరికైనా పాయింటు ఉందా" అని అడుగుతారు కదా అనొచ్చు. ఉంటుంది, అడుగుతారు. మంచి ఆఫీసర్లు నిజంగానే వినాలని అడుగుతారు. కానీ ఆ పాయింటు లేవడానికి ముందే సెక్షన్‌లో, ప్లాటూన్‌లో, కంపెనీలో నాలుగు మెట్లు ఎక్కాలి. "చిన్న కుళాయి విషయం సీఓ సాబ్ దాకా ఎందుకు, నేను చూస్తాలే" అని దారిలో ఎవరో ఒకరు అంటారు. చెడ్డ మనసుతో అనరు. తన కంపెనీకి మాట రాకూడదని అంటారు. నేనూ చాలాసార్లు అలాగే అన్నాను, ఇప్పుడు బాధపడుతున్నాను. కష్టం ఓర్చుకోవడం మా వృత్తిలో ఒక గుణం. సియాచిన్‌లో మంచు మీద పడుకున్నవాడు మైదానంలో కుళాయి కారుతోందని చెప్పడానికి సిగ్గుపడతాడు. ఆ సిగ్గుని ఆసరా చేసుకుని ఏ వ్యవస్థా నడవకూడదు. సరిహద్దులో ఓర్చుకోక తప్పదు, అక్కడ శత్రువుంటాడు, వాతావరణం ఉంటుంది. ఊరి నడుమ పీస్ స్టేషన్లో, రోడ్డు, కరెంటు, హార్డ్‌వేర్ షాపు అన్నీ ఉన్నచోట ఓర్చుకోమనడానికి ఏ కారణం ఉంది?

పెద్ద అధికారి వస్తున్నారంటే వారం ముందు నుంచీ పని మొదలవుతుంది. చెట్ల మొదళ్ళకు జాజు, సున్నం. రోడ్డు పక్క రాళ్ళకు తెలుపు. ఆయన నడిచే దారిలో ఉన్న బ్యారక్ గోడలకు రంగు. ఆ పనంతా చేసేది జవాన్లే. నేనే బ్రష్షులు, డబ్బాలు ఇష్యూ చేశాను. మీరు తనిఖీకి వెళ్ళినప్పుడు దయచేసి మీకు చూపించే బ్యారక్‌తో ఆగకండి. మూడో వరసలో ఆఖరి బ్యారక్‌కి వెళ్ళండి. హాలు చూసి వెనక్కి తిరగకండి, హాలు చివరి తలుపు తెరిచి స్నానాల గదిలో కుళాయి తిప్పండి. నిచ్చెన తెప్పించి కప్పు మీదికి ఎవరినైనా ఎక్కించి, వాన నీటి గొట్టం మూతి దగ్గర ఎండుటాకులు ఎంత మందాన పేరుకున్నాయో చూడమనండి. ఆ పిడికెడు ఆకులు తీయకపోవడం వల్లే చాలా కప్పులు కారతాయి. చదును కప్పు మీద నీళ్ళు నిలిస్తే, పైన పూసిన పూత ఎంత మంచిదైనా సన్న పగులులోంచి దిగుతాయి. దిగిన నీళ్ళు లోపలి ఇనుప కడ్డీని తుప్పు పట్టిస్తాయి. తుప్పు పట్టిన కడ్డీ ఉబ్బుతుంది, ఉబ్బి కింది కాంక్రీటును తోస్తుంది, అప్పుడు పెచ్చులు ఊడి మంచం మీద పడతాయి. విశాఖపట్నం లాంటి సముద్రపు ఒడ్డున ఉప్పు గాలికి ఇదంతా ఇంకా తొందరగా జరుగుతుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు ఆ ఊళ్ళో అందరం చూశాం, ముందే బలహీనపడ్డ కప్పులూ కిటికీలూ ముందు పోయాయి. మొదట ఆకులు తీయడానికి ఒక మనిషి, అరపూట పని చాలు. అది వదిలేస్తే చివరికి కప్పు మొత్తం పగలగొట్టి వేయాలి.

ఆ ఒక్క మనిషి గురించే ఇప్పుడు అడుగుతున్నాను.

మిలిటరీ ఇంజనీర్ సర్వీసెస్ 1923లో పుట్టింది, నూరేళ్ళు దాటింది. దేశంలోని మూడు సేనల కట్టడాలూ, నీళ్ళూ, కరెంటూ చూసే ఇంత పెద్ద సంస్థ పని తక్కువదని ఎవరూ అనలేరు. 2020 మే నెలలో అందులోని బేసిక్, ఇండస్ట్రియల్ సిబ్బంది పోస్టుల్లో ఖాళీగా ఉన్న 13,157లో 9,304 పోస్టులు రద్దు చేయడానికి రక్షణ మంత్రి ఆమోదం ఇచ్చారు. సైన్యం ఖర్చులు సర్దుబాటు చేసే దారులు చెప్పడానికి వేసిన షేకత్కర్ కమిటీ సిఫార్సుల మీద ఇది జరిగింది. కొంత పని సొంత మనుషులతో, మిగతాది బయటి కాంట్రాక్టుతో చేయించుకోవాలన్నది ఆలోచన. ఖర్చు తగ్గించాలన్న ఉద్దేశం నాకు అర్థమవుతుంది. కానీ ఇండస్ట్రియల్ సిబ్బంది అన్న మాట వెనక ఎవరున్నారో చూడండి. ప్లంబరు, ఎలక్ట్రీషియన్, తాపీమేస్త్రీ, వడ్రంగి, పంపు నడిపేవాడు, వాల్వు తిప్పేవాడు. కప్పు మీద ఆకులు తీసేవాడు కూడా వాళ్ళలోనే ఉన్నాడు.

నేను ఉన్న ఒకచోట ఒక ముసలి ప్లంబరు ఉండేవాడు. అందరం చాచా అనేవాళ్ళం. ముప్పై ఏళ్ళుగా అదే స్టేషన్. భూమి లోపల ఏ పైపు ఎటు పోతుందో, ఏ వాల్వు కట్టేస్తే ఏ బ్లాకుకి నీళ్ళు ఆగుతాయో, ఏ మామిడిచెట్టు వేరు ఏ మురుగు గొట్టంలోకి చొచ్చిందో ఆయన తలలో ఉండేది. నక్షాలో లేని సంగతులు అవి. సైకిలు హ్యాండిలుకి సంచి, సంచిలో వాషర్లు, జనపనార, బాల్ కాక్‌లు. కుళాయి బాగు చేశాక వెంటనే వెళ్ళిపోయేవాడు కాదు. ఒక బీడీ తాగేంతసేపు అక్కడే కూర్చుని, చుక్క పడుతుందేమో చూసి వెళ్ళేవాడు. ఆయన రిటైరయ్యాక ఆ పోస్టులోకి ఎవరూ రాలేదు. కాంట్రాక్టర్ మనుషులు వచ్చారు. పాపం కుర్రాళ్ళే, మూడు నెలలకోసారి మనుషులు మారిపోయేవారు, గేటు పాసు కోసమే సగం రోజు పోయేది. ఎవరికీ ఆ స్టేషన్ తెలియదు. పైపు పగిలితే వాల్వు ఎక్కడుందో వెతకడానికి తవ్వేవారు. తక్కువ ధరకి టెండరు పాడుకున్నవాడు ఇత్తడి కుళాయి తీసి ప్లాస్టిక్‌ది బిగిస్తే, ఆర్నెల్లకి దాని తల ఊడేది. ఆ ఊడిన తల ధర, ముందే చెప్పానుగా, ఇల్లు ఖాళీ చేసే జవాను కట్టేవాడు.

డబ్బు వచ్చే తీరు కూడా వానాకాలానికి ఎదురు నడుస్తుంది. ఏప్రిల్లో ఏడాది మొదలవుతుంది. మంజూరు, అంచనా, టెండరు అయ్యేసరికి వానలు వచ్చేస్తాయి. వానల్లో కప్పు పని చేయలేరు. శీతాకాలం అంతా కాగితాలు. ఫిబ్రవరి, మార్చిలో ఖర్చు పెట్టకపోతే డబ్బు వెనక్కి పోతుందని హడావుడి. ఆ హడావుడిలో త్వరగా కనిపించే పనులు ముందుకొస్తాయి, రంగులు, ఫెన్సింగులు. కప్పు మీది పూత, మురుగు గొట్టం, ఎర్తింగు లాంటి కంటికి కనిపించనివి మళ్ళీ వచ్చే ఏడాదికి. నేను ఇది ఏడేళ్ళు చూశాను. వానాకాలం ముందు చేయాల్సిన పనులకి డబ్బు అంతకు ముందు శీతాకాలంలోనే విడిగా తీసి పెట్టే పద్ధతి ఎందుకు ఉండకూడదో నాకు ఇప్పటికీ తెలియలేదు. రైతు విత్తనం డబ్బు తొలకరికి ముందే దాచుకుంటాడు.

కరెంటు విషయం అన్నిటికంటే నాకు టెన్షన్ పెట్టేది. నేను చేరిన రోజుల్లో బ్యారక్ అంతటికీ కొన్ని బల్బులు, ఫ్యాన్లు, మూల ఒక రేడియో. ఇప్పుడు ప్రతి మంచం మీదా ఫోను ఉంది. ఇంటితో మాట్లాడుకునేది అదొక్కటే. దానికి తగినన్ని ప్లగ్గులు లేవు. ఒక ప్లగ్గులోంచి ఒక బోర్డు, దాన్లోంచి ఇంకో బోర్డు, పక్కన కూలరు, చలికాలంలో నీళ్ళ కోసం ఇనుప రాడ్డు. గోడలోని వైరు మాత్రం పాత లెక్కకి వేసిందే. చుట్టూ దోమతెరలు, దూది పరుపులు. అక్రమంగా కనెక్షన్ తీశాడని కుర్రాణ్ణి శిక్షించడం తేలిక. అతనికి ఎందుకు తీయాల్సి వచ్చిందో అడగాలి. చలి ప్రాంతాల్లో దీనికి తోడు బుఖారీ, అంటే గది వెచ్చబెట్టే కిరోసిన్ పొయ్యి. తలుపులు బిగించుకుని దాని పక్కన పడుకుంటే కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే మనిషిని తీసుకుపోతుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. పొగగొట్టంలో మసి తీయడం, గాలి కన్నం మూసుకుపోకుండా చూడడం, దీన్ని కూడా మరమ్మతు జాబితాలో రంగుల కంటే ముందు రాయండి.

కొత్త కట్టడాల మీద ప్రభుత్వం చాలా చేసింది, అది ఒప్పుకోవాలి. 2002లో మ్యారీడ్ అకామడేషన్ ప్రాజెక్టు మొదలైంది. మూడు సేనల వాళ్ళకీ దశలవారీగా సుమారు 2 లక్షల ఇళ్ళు కట్టాలని. ఆలస్యాలు అయినా చాలామందికి మంచి ఇళ్ళు వచ్చాయి, నా స్నేహితులు వాటిలో ఉన్నారు. 2022 డిసెంబరులో అహ్మదాబాద్ కంటోన్మెంటులో 3డి ప్రింటింగ్‌తో సిపాయిల కోసం మేడ ఇల్లు కట్టారు, 12 వారాల్లో పూర్తయింది. ఆ వార్త చదివి గర్వపడ్డాను. కానీ ఇల్లు 12 వారాల్లో కట్టినా అందులో 50 ఏళ్ళు మనుషులు ఉంటారు. ఆ 50 ఏళ్ళకీ కుళాయి ఎవరు చూస్తారో కట్టిన రోజే రాసి పెట్టాలి.

మొత్తం ప్రైవేటుకి ఇచ్చేస్తే పీడ వదులుతుందని కొందరు అంటారు. వాళ్ళకి బ్రిటన్ సంగతి చెప్పండి. 1996లో అక్కడి ప్రభుత్వం సైనిక కుటుంబాలు ఉండే 57,000కు పైగా ఇళ్ళను ఒక కంపెనీకి సుమారు 166 కోట్ల పౌండ్లకి అమ్మి, మళ్ళీ తనే అద్దెకి తీసుకుంది. 2025 జనవరిలో వాటిలో మిగిలిన 36,000 పైచిలుకు ఇళ్ళను సుమారు 600 కోట్ల పౌండ్లు పెట్టి తిరిగి కొనుక్కుంది. అమెరికాలో 2023 సెప్టెంబరులో వాళ్ళ ప్రభుత్వ ఆడిట్ సంస్థ బ్యారక్‌లు తిరిగి చూసి బూజు, మురుగు, పురుగులు ఉన్నాయని బహిరంగంగా నివేదిక ఇచ్చింది. అంత డబ్బున్న దేశంలోనూ ఇదే కథ. ఒక్క తేడా ఏమిటంటే వాళ్ళు నేరుగా జవాన్లని కూర్చోబెట్టి అడిగి రాశారు.

ఆడపిల్లల గురించి కూడా. 2021 మే నెలలో బెంగళూరులో మిలిటరీ పోలీసు దళంలోకి 83 మంది అమ్మాయిలు మొదటి బ్యాచ్‌గా చేరారు. ఇంకా చేరుతున్నారు. మగవాళ్ళ కోసం కట్టిన బ్యారక్‌లకి ఒక తెర అడ్డం కట్టి సరిపెట్టకండి. లోపలి నుంచి గడియ పడే తలుపు, దారిలో దీపం, పారేయడానికి మూత ఉన్న బుట్ట. వాళ్ళు అడగకముందే ఉండాలి.

ఇక నేను అడిగే విషయానికి వస్తాను. కంప్లైంట్ పూర్తయిందని రాసే అధికారం, ఆ కప్పు కింద ఉండేవాడికే ఇవ్వండి. క్వార్టర్ అయితే ఇల్లాలి సంతకమైనా సరే. బ్యారక్ అయితే ఆ హాలులో ఉండే సీనియర్ జవానుది. అతను సంతకం పెట్టేదాకా ఆ నంబరు తెరిచే ఉండాలి, కాంట్రాక్టర్ బిల్లు కూడా ఆగాలి. కప్పు పని అయితే ఒక వాన చూశాకే ఆ సంతకం. మార్చింగ్ అవుట్ జాబితాలో అతను పోగొట్టినవాటి పక్కనే, అతను ఉన్నన్నాళ్ళూ అతనికి అందనివి రాసే గడి పెట్టండి. ఎన్ని నెలలు కారింది, ఎన్ని రోజులు నీళ్ళు లేవు, ఎన్నిసార్లు రాశాడు. ఆ గడిలో రాసినందుకు ఎవరూ ఏమీ అనకూడదని ఆర్డరు ఇవ్వండి, లేకపోతే ఎవరూ రాయరు. స్టేషన్‌కి ఒక్క చాచా అయినా ఉండాలి, పర్మనెంటు మనిషి, ఆ నేల తెలిసినవాడు. యూనిట్ కమాండర్ చేతిలో టెండరు అక్కర్లేని చిన్న మొత్తం పెట్టండి, వాషరుకీ కాలువ మూతకీ ఎనిమిది నెలలు ఆగనక్కర లేకుండా.

మా మేనల్లుడు అగ్నివీర్‌గా చేరి రెండో ఏడు నడుస్తోంది. ఆ పిల్లలు పెళ్ళికాకుండా చేరతారు, నాలుగేళ్ళ కాలానికి చేరతారు. అందుకే ఆ నాలుగేళ్ళకీ బ్యారకే వాళ్ళ ఇల్లు. ఆదివారం ఫోన్ చేస్తాడు. పోయిన వానాకాలంలో "పడుకునే చోటు ఎలా ఉందిరా" అని అడిగాను. "బాగుంది మావయ్యా. కారుతుంది గానీ నా మంచం మీద కాదులే" అన్నాడు. "మరి ఎవరి మంచం మీదరా" అన్నాను. "బీహార్ కుర్రాడిది. వాడు ట్రంకు మంచం మీదకి ఎక్కించి, మంచం మధ్య దారిలోకి లాక్కున్నాడు. ఎవరికీ చెప్పకు మావయ్యా" అన్నాడు.

వాడు చెప్పొద్దన్న స్టేషన్ పేరు నేను రాయడం లేదు. అందుకని మే నెల దాటకముందే అన్ని స్టేషన్లలోనూ కప్పులన్నిటి మీదికీ మనుషుల్ని ఎక్కించి చూడమని మనవి చేస్తున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ నాయబ్ సుబేదారు,
యాప్రాల్, సికింద్రాబాద్